పులుపు అన్నమే సుషీ: తొలిసారి రుచి చూసేవారికి పరిచయం

జపాను భాషలో "సుషీ" అనే మాటకు మూలార్థం పులుపు. మన పులిహోర పేరులో ముందున్నదీ పులుపే. పులుపు పట్టించిన అన్నం ప్రయాణాలలో ఒక పూట ఎక్కువ నిలుస్తుందని మన పెద్దలకు తెలుసు. మనం చింతపండుతో చేసే పనిని జపానువారు బియ్యపు వెనిగర్‌తో చేశారు. ఆ పులుపు అన్నంతో చేసిన పదార్థాలన్నీ సుషీయే. దానికి తోడుగా చేర్చేది చేప కావచ్చు, రొయ్య కావచ్చు, కోడిగుడ్డు కావచ్చు, కీర దోస కావచ్చు. అన్నం లేకుండా పచ్చి చేప ముక్కలను మాత్రమే వడ్డిస్తే దానిని "సాషిమి" అంటారు. ఈ భేదం తెలిసినవారికి సుషీ పట్ల సగం భయం తీరుతుంది.

ఈ విషయం నేడు సరిహద్దు గ్రామాల కుటుంబాలకు దూరమైనది కాదు. తమిళనాడు సరిహద్దున గల శ్రీసిటీలో ఇసుజు వాహన కర్మాగారం 2016లో ప్రారంభమైనది. బెంగుళూరు సమీపాన బిడదిలో టయోటా కర్మాగారం ఉన్నది. ఇటువంటి చోట్ల పనిచేసే మన పిల్లలకు జపానువారితో కలిసి భోజనం చేసే సందర్భమో, జపాను ప్రయాణమో తటస్థపడవచ్చు. ఏది ఎంచుకోవాలో, ఏది మానాలో ముందే తెలిసి ఉండటం మర్యాదకూ, ఆరోగ్యానికీ మేలు.

పుట్టుపూర్వోత్తరాలు

సుషీ మొదట చేపను నిలవ చేసే పద్ధతి. ఉప్పు పట్టించిన చేపలను వండిన అన్నంలో పొరలు పొరలుగా కూరి, బరువు పెట్టి నెలల తరబడి ఉంచేవారు. అన్నం పులిసి చేపను చెడిపోకుండా కాపాడేది. తినేటప్పుడు చేపను తీసుకొని అన్నాన్ని పారవేసేవారు. జపానులోని బివా సరస్సు ప్రాంతంలో నేటికీ తయారయ్యే "ఫునజుషీ" ఈ పాత పద్ధతికి సాక్ష్యం.

కాలక్రమంలో పులియబెట్టే గడువు తగ్గినది. అన్నంలో నేరుగా వెనిగర్ కలిపితే పులుపు వెంటనే వస్తుందని గ్రహించిన తరువాత నిరీక్షణతో పని లేకపోయినది. 1820ల ప్రాంతంలో ఎదో నగరంలో, అనగా నేటి టోక్యోలో, చేతితో అన్నాన్ని చిన్న ముద్దగా ఒత్తి, పైన చేప ముక్క పెట్టి అప్పటికప్పుడు అందించే పద్ధతి వ్యాప్తిలోకి వచ్చినది. హనయా యోహెయి అనే వంటవానికి ఈ ఖ్యాతి దక్కినది. 1958లో షిరాయిషి యోషియాకి ఒసాకా ప్రాంతంలో, కదిలే పట్టీపై పళ్ళాలు తిరిగే భోజనశాలను ప్రారంభించిన తరువాత సుషీ సామాన్యులకు మరింత అందుబాటులోకి వచ్చినది.

ప్రధానమైన రకాలు

నిగిరి: చేతితో ఒత్తిన చిన్న అన్నపు ముద్ద, దానిపై ఒక ముక్క. పైన పచ్చి చేప ఉండవచ్చు. ఉడికించిన రొయ్య లేదా తీపి గుడ్డట్టు కూడా ఉండవచ్చు.

మకి: ఎండబెట్టిన సముద్రపు నాచు రేకు పై అన్నం పరచి, నడుమ కూరగాయ లేదా చేప పెట్టి, చాపవలె చుట్టి ముక్కలుగా కోసినది. నాచు రేకును "నోరి" అంటారు. సన్నని చుట్టను హొసొమకి, లావుపాటి దానిని ఫుతొమకి అంటారు. అన్నం వెలుపలికి, నాచు లోపలికి వచ్చేటట్లు చుట్టేది ఉరమకి. అమెరికాలో ప్రసిద్ధమైన కాలిఫోర్నియా రోల్ ఈ కోవకు చెందినది.

తెమకి: నాచు రేకును శనగల పొట్లం ఆకారంలో చుట్టినది. చేతితో పట్టుకొని కొరికి తినవచ్చు.

గుంకన్: అన్నపు ముద్ద చుట్టూ నాచు గోడ కట్టి, పైన చేపగుడ్ల వంటి జారిపోయే పదార్థాలను నింపినది.

ఇనారి: సోయాతో చేసిన టోఫును వేయించి, తీపి పులుసులో ఉడికించి, ఆ సంచిలో అన్నం కూరినది.

చిరషి: గిన్నెలో పులుపు అన్నం వేసి, పైన రకరకాల ముక్కలు పరచినది.

ఒషి: చెక్క పెట్టెలో అన్నమూ చేపా పొరలుగా వేసి అదిమి, చతురస్రపు ముక్కలుగా కోసినది. ఇది ఒసాకా ప్రాంతపు ప్రత్యేకత.

తొలిసారి ఏ క్రమంలో తినాలి?

మొదటి మెట్టు ఇనారి, కీర దోస చుట్టిన కప్పామకి, గుడ్డట్టు నిగిరి. వీటిలో కొత్తగా తోచేది పులుపు అన్నమూ, నాచు వాసనా మాత్రమే. మన నాలుకకు చాలా దగ్గరైనది "కంప్యో మకి". కంప్యో అంటే సొరకాయను సన్నని పట్టీలుగా చీల్చి ఎండబెట్టిన ఒరుగు. దానిని సోయా సాస్, పంచదారలతో ఉడికించి చుట్టలో పెడతారు.

రెండవ మెట్టు వండిన జలచరాలు: ఉడికించిన రొయ్య, కాల్చిన మలుగు చేప. వీటిని ఇష్టపడినవారు మూడవ మెట్టుగా పచ్చి చేపను రుచి చూడవచ్చు. తమిళ తీరంలో సూరై అని పిలిచే ట్యూనా జాతి చేపల ఎర్రని ముక్క, సాల్మన్ ముక్క తొలిసారి తినేవారికి అనువైనవి. పచ్చివి వద్దనుకుంటే మొదటి రెండు మెట్లలోనే ఆగిపోవచ్చు. సుషీ తిన్నట్టే లెక్క.

శాకాహారులకు ఒక హెచ్చరిక అవసరం. ఇనారి, కంప్యో చూపునకు శాకాహారమే. కాని వాటిని ఉడికించే "దాషి" అనే రసాన్ని సాధారణంగా ఎండు చేప తరుగుతో కాస్తారు. అందుచేత ముందుగా అడిగి తెలుసుకోవాలి. కీర దోస, ముల్లంగి ఊరగాయ, అవకాడో చుట్టలు కొంత నిశ్చింతగా తినదగినవి.

తినే పద్ధతి

సుషీని పుల్లలతో గాని, చేతితో గాని తినవచ్చు. చేతితో తినటం అక్కడ తప్పు కాదు. నిగిరిని ఒకే ముద్దగా నోట పెట్టుకోవటం వాడుక. సోయా సాస్‌లో అన్నం వైపు ముంచితే ముద్ద విడిపోతుంది, ఉప్పదనం మించుతుంది. చేప వైపు కొద్దిగా తాకిస్తే చాలు. పక్కన ఉండే పచ్చని ముద్ద వాసాబి. దాని ఘాటు మిరపకాయవలె నాలుకను గాక, ఆవపిండివలె ముక్కును తాకుతుంది. రెండింటి ఘాటుకూ మూలమైన రసాయనం ఒకటే. దానిని పచ్చడి అనుకొని పెద్ద ముద్దగా నోట వేసుకోరాదు. పలుచని అల్లం ఊరగాయను ఒక రకానికీ మరొక రకానికీ నడుమ తింటే నోరు శుభ్రపడుతుంది.

పచ్చి చేప విషయంలో జాగ్రత్త

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. సముద్రపు చేపలలో అనిసాకిస్ అనే నులిపురుగు ఉండవచ్చు. అది కడుపులో చేరితే తీవ్రమైన నొప్పి, వాంతులు కలుగుతాయి. వెనిగర్, ఉప్పు, వాసాబి దానిని చంపుతాయని నమ్మరాదు. బాగా ఉడికించటం లేదా గడ్డకట్టించటమే ఉపాయం. పచ్చిగా తినే చేపను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ వద్ద 7 రోజులు, లేదా గడ్డకట్టించి మైనస్ 35 డిగ్రీల వద్ద 15 గంటలు ఉంచాలని అమెరికా ఆహార నియంత్రణ సంస్థ సూచించినది. ఇంటి ఫ్రిజ్‌లోని మంచు అర సాధారణంగా మైనస్ 18 దగ్గరే ఆగుతుంది.

జపానువారు తమ సముద్రపు సాల్మన్‌ను పురుగుల భయం చేత సాధారణంగా వండుకొనే తినేవారు. 1980లలో నార్వే తన పెంపకపు సాల్మన్‌ను అక్కడ ప్రచారం చేసిన తరువాతనే అది సుషీలో స్థిరపడినది.

కనుక మన సంతలో కూరకు అమ్మే చేప ఎంత తాజాగా ఉన్నా దానితో ఇంట పచ్చి సుషీ చేయరాదు. చెరువు, నది చేపలను పచ్చిగా అసలే తినరాదు. వాటిలో మనిషి శరీరంలో చేరగల ఇతర పరాన్నజీవులు ఉంటాయి. గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు ఎక్కడైనా సరే వండిన రకాలకే పరిమితం కావాలి.

ఇంట చేసుకోవాలంటే

సోనా మసూరి వంటి బియ్యం పొడిపొడిగా ఉడుకుతుంది, ముద్ద నిలవదు. పొట్టిగా, జిగురుగా ఉండే జపాను రకం బియ్యం కావాలి. 300 గ్రాముల బియ్యాన్ని కడిగి వండి, 4 పెద్ద చెంచాల బియ్యపు వెనిగర్, 2 పెద్ద చెంచాల పంచదార, 1 చిన్న చెంచా ఉప్పు కరిగించి వేడి అన్నంపై పోయాలి. మెతుకు చిదమకుండా కలిపి, విసనకర్రతో విసరుతూ ఆరబెట్టాలి. పులిహోర కలిపిన చేతికి ఈ నేర్పు కొత్త కాదు. నాచు రేకుపై అన్నం పలుచగా పరచి, కీర దోస, ఉడికించిన క్యారట్, గుడ్డట్టు పట్టీలు పెట్టి, శుభ్రమైన వెదురు చాపతో బిగించి చుట్టాలి. తడి చేసిన కత్తితో కోసి ఆ పూటనే తినాలి.

పరాయి దేశపు భోజనాన్ని గౌరవించటానికి పళ్ళెంలో ఉన్నదంతా తిననక్కరలేదు. తమకు పడేది ఏదో తెలిసి, పడనిది మర్యాదగా వద్దని చెప్పి, పడినదానిని తృప్తిగా తింటే చాలు.