నాదము – హెచ్చుతగ్గులు : రికార్డుల చరిత్ర నేర్పెడి పాఠము

గానమునకు స్వరమొక్కటియే ప్రాణము కాదు. స్వరమును ఎంత బలముతో పలికితిమి, ఎచ్చట గొంతు తగ్గించితిమి, ఎచ్చట మౌనము వహించితిమి అనునవి కూడ గానమునకు ప్రాణములే. త్యాగరాజస్వామి కీర్తనలో పల్లవి మొదటి సంగతి సాదాగా మొదలై, సంగతి వెంట సంగతి పెరిగి, చివరకు నిండుగా విప్పారుట సంగీతము విన్న ప్రతివారును ఎరిగినదే. మెల్లగా పాడినది మెల్లగాను, గట్టిగా పాడినది గట్టిగాను వినబడవలెను. వినుటకు ఇది చిన్న న్యాయమువలె తోచును. పాట యంత్రముల చేతికి చిక్కిన నాటినుండి ఈ న్యాయమును నిలుపుకొనుట ఎంత కష్టమైనదో తెలుపుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

మన సంతపూరు బీదరు జిల్లా ఔరాదు తాలూకాలోనిది. ఈ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రములో ఉండి, 1956 నవంబరు 1వ తేదీన మైసూరు రాష్ట్రమున చేరినది; ఆ రాష్ట్రమే 1973లో కర్ణాటకమైనది. కన్నడము, మరాఠీ, ఉర్దూ, తెలుగు కలసిమెలసి వినబడు సీమ యిది. ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఇంటిమాట ఇంటనే అబ్బును. కాని పద్యమును ఎట్లు ఎత్తుకొనవలెను, ఎచ్చట ఆగవలెను, భావమునుబట్టి గొంతు ఎట్లు మారవలెను అను విషయములను మన పిల్లలకు నేర్పెడి గురువులు తరచుగా రేడియోయు రికార్డులునే. హైదరాబాదులోని నిజాము ప్రభుత్వపు రేడియో కేంద్రము 1950లో ఆకాశవాణిలో కలసినది. అట్టి రేడియోయు రికార్డులును లేకున్నచో దూరప్రాంతపు తెలుగువారికి పాటలు అందుట దుర్లభమై యుండెడిది. కావున రికార్డు చెడినచో మనకు కలుగు నష్టము వినోదమునకు సంబంధించినది మాత్రమే కాదు.

1877లో ఎడిసను ధ్వనిని రేకుపై పట్టి మరల వినిపించెను. 1887లో బెర్లినరు గ్రామఫోనును, పళ్లెమువంటి రికార్డును రూపొందించెను. గ్రామఫోను కంపెనీ పక్షమున గైస్‌బర్గు 1902లో కలకత్తాకు వచ్చి గౌహర్‌జాన్ మొదలగువారి పాటలను ముద్రించుకొని పోయెను. ఆనాటి రికార్డులు జర్మనీలోని హానోవరున తయారై ఓడలలో వచ్చుచుండెను. 1908లో కలకత్తాలోనే కర్మాగారము వెలసెను.

ఆ దినములలో మైకు లేదు. గాయకుడు పెద్ద బూర యెదుట నిలిచి పాడగా, బూర కొననున్న పలుచని పొర అదరి, సూదిని కదలించి, మైనముపై గాడిని గీయించెడిది. మెల్లగా పాడినచో ఆ పాట సూది గరగరలో మునిగిపోవును. మితిమీరి గట్టిగా పాడినచో గాడి అదుపు తప్పి ప్రక్కగాడిని తాకును. అనగా రికార్డు ఒక గదివంటిది. గరగర దాని నేల, గాడి ఓర్చుకొనగల హద్దు దాని పైకప్పు. పాట ఆ రెంటి నడుమనే మసలవలెను. పైగా 10 అంగుళముల రికార్డుకు ఒక ప్రక్క సుమారు 3 నిమిషములే గడువు. 1925లో మైకుతోడి విద్యుద్ముద్రణము వచ్చినపిమ్మట మెల్లని గొంతునకును రికార్డులో చోటు దొరికినది.

1948లో అమెరికాలోని కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డును వెలువరించెను. ఒక ప్రక్క 20 నిమిషములకు పైగా పట్టు ఈ రికార్డు మనవంటి సంగీతమునకు వరమైనది. అయినను ధ్వని పెరిగినకొలది, అందునను మంద్రధ్వని పెరిగినకొలది, గాడి ప్రక్కలకు ఊగి ఎక్కువ చోటు తినును. 1954లో స్థిరపడిన పద్ధతి ప్రకారము కోతలో మంద్రమును తగ్గించి, వినునప్పుడు తిరిగి పెంచుట సాగినది. ఇట్లు పాటను రికార్డునకు తగినట్లు తుదిసారి సరిచేయు పనికే మాస్టరింగు అని పేరు. అది చేయువాడు గదిలో సామాను సర్దు గృహిణివంటివాడు.

మరి బిగ్గరతనపు పోటీ ఎట్లు పుట్టెను? మానవుని చెవి క్షణకాలపు గట్టిదెబ్బనుబట్టి గాక, కొంతసేపటి సగటునుబట్టి బిగ్గరతనమును నిర్ణయించును. పైగా ధ్వని తగ్గినప్పుడు మంద్రస్వరములు చెవికి మరింత పలుచబడునని ఫ్లెచరు, మన్సను 1933లో ప్రయోగములు చేసి చూపిరి. అందువలన ఒకే పాటను రెండు విధములుగా వినిపించినచో, కొంచెము బిగ్గరగా నున్నదే మేలైనదని తోచును. నాణెము వేసి పాట వినెడి జూక్‌బాక్సులలో ధ్వనిమట్టము యజమాని నిర్ణయించినది. ప్రక్క రికార్డుకంటె గట్టిగా నున్నదే చెవినిబడును. వర్తకులకు ఇంతకంటె కారణము కావలయునా?

పైకప్పు ఎత్తు పెరగదు గనుక, సగటును పెంచుటకు ఉన్న మార్గము ఒక్కటే: ఎత్తైన దెబ్బలను అణచి, మిగిలినదానినంతయు పైకి లేపుట. ఈ పని చేయు పరికరమే కంప్రెసరు. ఏ దెబ్బయు హద్దు దాటకుండ కాచునది లిమిటరు. ఇవి మొదట రేడియో ప్రసారమును కాపాడుటకు వాడబడినవి, మితముగా వాడినచో ఉపకారులే. సంతలోను, మోటారుబండిలోను మెల్లని గానము వినబడవలెనన్న వీని సాయము అవసరము. మితము తప్పినచో కీడు.

1982లో కాంపాక్టు డిస్కు వెలువడెను. 16 బిట్ల లెక్కతో దానికి సుమారు 96 డెసిబెల్లుల ఎడము లభించెను. గరగర లేదు, నేల మిక్కిలి లోతునకు పోయెను. కాని పైకప్పు కఠినమైనది. అంకెల గరిష్ఠమును దాటినచో ధ్వని నిర్దయగా తెగిపోవును. ఇంత విశాలమైన గది చేతికి వచ్చిన పిమ్మట, 1990ల దశకమున అంకెల లిమిటర్లు సులభమై, పాటను పైకప్పునకే అదిమివేయుట మొదలాయెను! 2008లో మెటాలికా బృందపు ‘డెత్ మాగ్నెటిక్’ వెలువడగా, అది మితిమీరి అదిమినదని అభిమానులే ఆక్షేపించిరి; అదే సంగీతము ఒక వీడియో ఆటలో మరింత తేరుకొని వినబడుట వారు గుర్తించిరి.

మన సంగీతమున ఈ దోషము మరింత స్పష్టపడును. వీణ మీటిన దెబ్బ గట్టిది, దాని వెనుక సాగు గమకము మెల్లనిది. దెబ్బను అణచి తోకను లేపినచో రెండును ఒకే మట్టమై, మీటు లేని వీణ వినబడును. మృదంగపు దెబ్బ పడినప్పుడెల్ల లిమిటరు గాయకుని గొంతును క్రిందికి లాగును. చరణమునకును చరణమునకును నడుమ తంబుర ఉప్పొంగి గొంతును మించును. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు (1922–1974) చివరి కాలమున గానము చేసిన భగవద్గీతలో శ్లోకమునకును తాత్పర్యమునకును నడుమనున్న విరామమును చెరిపినచో మిగులునదేమి?

మంచి మాస్టరింగు చేయువారు మొదట చెవికి వినబడని అడుగు హోరును తీసివేసి చోటు సంపాదింతురు. మెల్లని ఘట్టములను పరికరమునకు వదలక చేతితో కొంచెము కొంచెముగా హెచ్చింతురు. లిమిటరును అరుదైన కొద్ది దెబ్బలకే తాకనిత్తురు. మార్చినదియు మార్చనిదియు సమాన బిగ్గరతనముతో పెట్టి పోల్చెదరు, లేనిచో చెవి మోసపోవును.

లోకమును కొంత మేల్కొనినది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘము 2006లో చెవికి అనుగుణమైన బిగ్గరతనపు కొలతను ఏర్పరచెను. ఐరోపా ప్రసారసంస్థల సమాఖ్య 2010లో కార్యక్రమముల సగటు గరిష్ఠమునకు 23 యూనిట్ల దిగువన ఉండవలెనని సూచించెను. నేడు అంతర్జాలమున పాటలు వినిపించు సేవలలో పెక్కు బిగ్గర రికార్డును తామే తగ్గించి వినిపించును. అందువలన అదిమిన పాటకు దక్కిన లాభము పోయి, నష్టము మాత్రమే మిగిలినది.

మన యిండ్ల అటకలమీద పాత రికార్డులు, క్యాసెట్లు ఇంకను ఉండవచ్చును. పెండ్లి మంగళహారతులు, తాతగారి పద్యములు, పండుగనాటి భజనలు అందులో నిద్రించుచున్నవి. వానిని నేటి యంత్రములలోకి ఎక్కించునప్పుడు ఒక ప్రతిని ఏ హెచ్చింపు లేక ఉన్నదున్నట్లు భద్రపరచవలెను. మండపమున వినిపించుటకు గట్టి ప్రతి కావలసినచో దానిని వేరుగా చేసికొనవచ్చును. బిగ్గరతనమునకు మీట చేతిలో ఉన్నది, త్రిప్పుకొనవచ్చును. చెరిపిన హెచ్చుతగ్గులను మరల తెచ్చు మీట లేదు. తాతగారి గొంతు ఎక్కడ తగ్గినదో, ఎందుకు తగ్గినదో మనుమలు వినగలిగినప్పుడే వారికి పద్యము పద్యముగా అందును.