అమ్మమ్మ చీటి గుడ్డ

విజయవాడలో రైలెక్కి గుడివాడ మీదుగా బందరు వెళ్తుంటే, బందరు ఇంకా రాకముందే పెడన వస్తుంది. చీటి గుడ్డల ఊరు. ఇప్పుడు కలంకారీ అంటున్నాం గానీ, మా అమ్మమ్మ నోట చీటి గుడ్డే. ఆవిడకి అలాంటి దుప్పటి ఒకటుండేది. నడుమ చెట్టు, చుట్టూ పువ్వుల అంచు. అది చిరిగాక దిండు గలీబైంది. గలీబు చిరిగాక మసిగుడ్డైంది. మసిగుడ్డని ఎవరు దాస్తారు?

దాచినవాళ్ళు లేకపోలేదు! లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో మన కోరమాండల్ తీరపు దుప్పట్లు భద్రంగా ఉన్నాయి. హాలండులో హిండెలోపెన్ అని చిన్న రేవు ఊరు. 18వ శతాబ్దంలో అక్కడి ఆడవాళ్ళు మన తీరపు చీటి గుడ్డతో పొడుగు కోట్లు కుట్టించుకునేవారు. ఇంట్లో ఎవరైనా పోతే ఎర్ర పువ్వులది మడిచిపెట్టి, నీలం తెలుపుల కోటు తొడుక్కునేవారట. మన గుడ్డ వాళ్ళ మైలలో కూడా పాలు పంచుకుందన్నమాట.

డచ్చివాళ్ళు 1605లో, ఇంగ్లీషువాళ్ళు 1611లో బందరు రేవుకొచ్చింది ప్రధానంగా ఈ గుడ్డల కోసమే. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్ళకి వీళ్ళ సరుకు కన్నా మన గుడ్డే ముద్దు. తరవాత ఐరోపా ఆడవాళ్ళూ మోజుపడ్డారు. అక్కడి నేతగాళ్ళు గోలపెట్టారు. ఫ్రాన్సు 1686లో నిషేధించింది. ఇంగ్లండులో 1722 నుంచి ఒంటిమీద వేసుకోవడమే నేరం. ఆడవాళ్ళ బట్టల మీద చట్టాలేమిటో!

వాళ్ళని అంతగా పట్టేసింది ఉతికినా పోని రంగు. కరక్కాయ రసంలో, గేదెపాలలో గుడ్డ నానబెట్టాలి. తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ పులియబెడితే నలుపు. పటిక రాసిన చోట మాత్రమే చిరివేరు ఎరుపు పట్టుకుంటుంది. ఆ వేరు మన సముద్రతీరపు ఇసకలో పెరిగేది. మధ్యమధ్య పారే నీళ్ళలో జాడింపులు, ఎండలో ఆరబెట్టడాలు. ఇప్పుడు పెడనలో ఎక్కువగా టేకు అచ్చులతోనే అద్దుతున్నారు.

మ్యూజియం చీటీల మీద సాధారణంగా ఉండేది “కోరమాండల్ తీరం, 18వ శతాబ్దం” అనే. అద్దినవాడి పేరుండదు. అది నాకు గుచ్చుకుంటుంది. మొన్న పెడనలో దుప్పటి కొని, అద్దినాయన పేరడిగాను. ఆయనకి నవ్వొచ్చింది. ఇంటికొచ్చి ఆ పేరు మూలన మార్కింగు సిరాతో రాస్తుంటే, “చాకలి గుర్తా అమ్మా?” అంది మా అమ్మాయి.