తాతమ్మ నీరసం, లోధ్ర సీసా, చోడంబలి

మా తాతమ్మ గురించి ఇంట్లో మిగిలినవి రెండే మాటలు. ఎప్పుడూ నీరసంగా ఉండేదట, ఐదో కాన్పులో పోయిందట. ఫోటో కూడా లేదు. డొరగుడ ఇంటి అటక మీద ఒక ఖాళీ సీసా మాత్రం ఉండేది. లేబుల్ ఊడిపోయింది. "అది లోధ్ర సీసా, మా అమ్మ తాగింది" అనేది మామ్మ. ఈసారి ఆ సీసా గురించే రాద్దామనుకున్నాం.

మావాళ్లు సాలూరు వైపు నుంచి ఘాటీ ఎక్కి వచ్చేనాటికి ఈ కొండలు జయపురం జమీందారీ కింద, విశాఖపట్నం జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. 1931లో విజయనగరం–రాయపూర్ రైలుదారి పూర్తయి రాయగడ మీదుగా బళ్లు నడిచాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి కొరాపుట్ అందులోకి వెళ్లింది. మావాళ్లు ఉన్నచోటే ఉన్నారు. మందుల పార్సిళ్లు కూడా మద్రాసు నుంచే వస్తుండేవి.

అక్కడ డాక్టర్ కె.ఎన్. కేసరి గారి కేసరి కుటీరం ఉండేది. ఆడవాళ్ల కోసమని అమ్మిన లోధ్రకి తెలుగిళ్లలో చాలా పేరు. ఆయనే 1928లో 'గృహలక్ష్మి' పత్రిక పెట్టి, 1934 నుంచి రచయిత్రులకు స్వర్ణకంకణం ఇచ్చారు. మొదటిది కనుపర్తి వరలక్ష్మమ్మ గారికి దక్కింది. లోధ్ర అంటే లొద్దుగ చెట్టు బెరడు. ఎక్కువ రక్తస్రావానికి ఆయుర్వేదంలో పాతకాలం నుంచీ వాడుతున్నదే. నెలనెలా రక్తం ఎక్కువ పోతే ఒంట్లో ఇనుము తగ్గుతుంది, దాంతో నీరసం వస్తుంది. కాబట్టి ఆ ఆలోచనని తీసిపారేయలేం. కానీ అప్పటికే పోయిన ఇనుముని బెరడు తిరిగి తెచ్చిపెట్టదు కదా.

సరిగ్గా ఆ రోజుల్లోనే బొంబాయిలో ఇంకొక పని జరుగుతోంది. లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు 1928లో వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతని పరీక్షించారు. వాళ్ల తిండి చూశారు, రక్తం చూశారు. చివరికి మార్మైట్ అనే ఈస్టు సారం తినిపిస్తే కోలుకున్నారని 1931లో ప్రచురించారు. అందులో పనిచేసిన పదార్థమే తరవాత ఫోలిక్ యాసిడ్ అనిపించుకుంది. దాన్ని 1945లో అమెరికాలోని లెడర్లీ కంపెనీలో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. స్ప్రూ జబ్బు ఆయన అన్నదమ్ములను ఇద్దరిని తీసుకుపోయింది. ఆయనకీ అదే వస్తే ఆయుర్వేదం చేసే డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారు నయం చేశారు. ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు గారు పాఠాలు చెప్పి, 1923లో బోస్టన్ వెళ్లారు. స్ప్రూలో వచ్చే రక్తహీనతకి ఫోలిక్ యాసిడ్ మందయింది. ఇవన్నీ తాతమ్మకి అందలేదు. ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిపిన మాత్రల పథకం దేశంలో మొదలైంది 1970లో.

మాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి. ఇంటి చుట్టూ పొలాల్లో చోళ్లు పండేవి. ఇక్కడివాళ్లు మాండియా అంటారు. కూలికి వచ్చిన ఆడవాళ్లు సొరకాయ బుర్రలో అంబలి తెచ్చుకుని తాగేవారు. మావాళ్లు మాత్రం "మనం వరన్నం తినేవాళ్లం" అని దాన్ని గడప లోపలికి రానిచ్చేవారు కాదట. మేము కన్నడ బడిలో చదివాం. అక్కడ కనకదాసు 'రామధాన్య చరితె'లో బియ్యం, రాగులు గొప్ప నాదంటే నాదని పోట్లాడుకుంటే రాముడు రాగుల్నే గెలిపిస్తాడు. ఆ కథ డొరగుడలో చెబితే మామ్మ నమ్మలేదు, నవ్వింది.

చోళ్లే మందు అనడం కూడా తప్పే. 100 గ్రాముల్లో ఇనుము 4 మిల్లీగ్రాముల పైచిలుకు ఉంటుంది. పాలిష్ బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. అయితే చోళ్లలోని ఫైటేట్లు ఇనుముని ఒంటికి పట్టనివ్వవు. మొలకెత్తించినా, అంబలిలా పులియబెట్టినా అవి తగ్గుతాయి. చిరుధాన్యాలు రోజూ తిన్నవాళ్లలో హిమోగ్లోబిన్ పెరిగిందని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఉన్న అధ్యయనాలన్నీ కలిపి చూసి 2021లో చెప్పారు. మరీ తగ్గిపోయినవాళ్లకి మాత్రం మాత్రలే దిక్కు. ఈ కొండల్లో మలేరియా ఉంది, కొంకిపురుగులున్నాయి, సికిల్ సెల్ ఉంది. అందుకని ముందు రక్తపరీక్ష. కారణం తెలుసుకోకుండా టానిక్ కొనేయడం, బగ్ ఎక్కడుందో చూడకుండా కోడ్ మార్చేయడం లాంటిదే.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఒడిశాలో 64.3 శాతం, ఆంధ్రలో 58.8. మా ఇల్లూ ఆ లెక్కలోదే. పోయినేడు మా వదినకి హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. పిల్లలు, ఆఫీసు, వంట, అందుకే అలసట అని మేమందరం అనేసుకున్నాం. తనూ అలాగే అనుకుంది. డాక్టరమ్మ మాత్రలు రాసి, వాటితో పాటు టీ తాగొద్దంది. టీ ఇనుముని పట్టనివ్వదట. నిమ్మరసంతో వేసుకుంటే మంచిదట. ఇప్పుడు వదిన పొద్దున్న నిమ్మరసంతో మాత్ర వేసుకుని, పదకొండింటికి అంబలి తాగుతోంది. ఆ అంబలికి పిండి నానబెట్టేది మామ్మే. వదిన టీ మాత్రం సాయంత్రం నాలుక్కి జరిగింది, దానికి ఇంకా గొణుగుతూనే ఉంది.