మోటుపల్లి అభయము



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములవారికి సముద్రముతో నేమి పని యని కొందఱు తలంపవచ్చును. మన కన్నులకు గానవచ్చునవి చేలును, చెఱువులును, సాగరు కాలువలును మాత్రమే. అయినను సూర్యాపేట, కోదాడల మీదుగా తూర్పునకు బోవు పెద్దబాట బందరున ముగియుచున్నది. వాడపల్లియొద్ద మూసీ కృష్ణలో గలసి, ఆ నీరు హంసలదీవికడ కడలి జేరుచున్నది. బాటయు నేఱును మనలను సముద్రమునకే కొనిపోవుచుండగా, అది మనకు పరాయిదని యెట్లనవచ్చును?

నేటి ప్రసంగవిషయము మహాసముద్రములను దాటు తెఱచాప యాత్ర. పాశ్చాత్యులు పడవలను గుంపుగూర్చి సాగించు యాత్రను ర్యాలీ యందురు. 1986లో రెండువందలకు పైగా పడవలు కేనరీ ద్వీపములనుండి యొక్కమారుగా బయలుదేఱి, అట్లాంటిక్ మహాసముద్రము దాటి బార్బడోసు ద్వీపమును జేరినవి. 1990 మొదలు ఆ యాత్రకు గమ్యస్థానము సెయింట్ లూసియా ద్వీపము. దూరము సుమారు 2,700 సముద్రపు మైళ్లు. కదలుటకు ముందు ప్రతి పడవయందలి ప్రాణరక్షణ సాధనములను పరీక్షింతురు. దారిలో నొకరి కాపద వచ్చినచో దగ్గఱనున్నవారు తోడ్పడుదురు. మన పూర్వు లిట్టి గుంపునే సార్థమనిరి. బిడారుగట్టి యడవి దాటు వర్తకులకును, కూడి కడలి దాటు నావికులకును నీతి యొక్కటియే.

ఆంధ్రులకు నౌకాయానము క్రొత్తది కాదు. రెండవ శతాబ్దమున టాలెమీ యను యవన భూగోళవేత్త, సువర్ణభూమికి బోవు ఓడలు తీరము విడిచి నడికడలికి మఱలు స్థానమును మన తూర్పుతీరమునందే చూపెను. శాతవాహనుల నాణెములపై రెండు స్తంభముల ఓడ గలదు. కృష్ణా తీరమందలి ఘంటసాల ప్రాకృతశాసనము శివకుడను మహానావికుని పేర్కొనుచున్నది. ఆ వర్తకము తీరముననే నిలిచిపోలేదు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమకచక్రవర్తుల వెండి నాణెముల రాశి దొరకినది.

మఱి శాస్త్రము నిషేధింపలేదా యని పెద్దలడుగవచ్చును. నిజమే, బౌధాయనుడు సముద్రయానమును పతనీయములలో జేర్చెను. శాస్త్రమట్లుండగా లోకవ్యవహారము సాగుచునే వచ్చినది. సాగిన దానికి ధర్మమును గూర్చుట రాజుల పనియయ్యెను. అందుకు నిదర్శనము నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి శాసనము. దానిని శకవర్షము 1166న, అనగా క్రీ.శ. 1244లో, కాకతి గణపతిదేవుడు వేయించెను.

తుపాను తాకిడికి ఓడ పగిలి తీరమున బడెనేని, అందలి బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగువానిని ఆ తీరపు రాజులు బలిమిని లాగుకొనుట పూర్వాచారము. నావికునకు కడలిచేత నొక దెబ్బ, గట్టుచేత రెండవ దెబ్బ. ప్రాణములకన్న మిన్నగా ధనమును నమ్మి సముద్రమున కొడిగట్టిన వారిపై దయదలచి, గణపతిదేవుడు న్యాయమైన సుంకము దప్ప తక్కినదంతయు విడిచితినని యభయమిచ్చెను. ఆ సుంకమైనను ముప్పదింట నొక పాలు మాత్రమే. గంధము, కర్పూరము, ముత్యములు, దంతము, పట్టునూలు, మిరియములు మొదలగువాని సుంకములను గూడ రాతిపై జెక్కించెను.

ఇందొక విశేషము గమనింపుడు. ఈ మాట యిచ్చినవాడు తీరవాసి కాడు. ఓరుగల్లు లోనాటి పురము. అతని వంశమునకు సామంతులగు రేచర్లవారి గుడులు మీ సూర్యాపేటచెంత పిల్లలమఱ్ఱిలో నిలిచియున్నవి. లోనాటివారి ధర్మబుద్ధియే నాడు పరదేశి నావికునకు దీపస్తంభమైనది.

ఇంక నిన్నటి మాట వినుడు. 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవానుండి తారిణి యను తెఱచాప నౌక భూప్రదక్షిణమునకు వెడలెను. పొడవు 55 అడుగులు. నడపినవారు భారత నౌకాదళమునకు జెందిన ఆరుగురు స్త్రీలు. వారిలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు ఐశ్వర్యయు మన తెలుగు బిడ్డలే. వారికి వెంట పడవలు లేవు, రేవులే తోడు. ఫ్రీమాంటిల్, లిటిల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌను రేవులలో దిగుచు, హారను అగ్రమును జుట్టి, పెనుతుపానుల కోర్చి సాగిరి. తుదిదశలో చుక్కాని యంత్రము చెడగా, అనుకొనని మజిలీగా మారిషస్సునందలి పోర్ట్ లూయీ రేవు జొచ్చిరి. ఆ దీవి పందొమ్మిదవ శతాబ్దమునుండి తెలుగువారికి నివాసము. అచట బాగుచేసికొని, 254 దినముల యాత్ర ముగించి, 2018 మే 21వ తేదీన గోవా చేరిరి.

చెడిన నౌకకు రేవు దొరకుట స్వల్పవిషయము కాదు. ఒకప్పుడు అట్టి నౌక తీరపు రాజునకు సొత్తు. నేడు తీరమువారికి అతిథి. నడుమ జరిగినది ధర్మపరివర్తనము. అందు మోటుపల్లి రాతికిని పాలు గలదు.

పెద్దలారా, మీ యింటి బాలుడో బాలికయో నావికవిద్య నభ్యసింతునని యడిగినపుడు, మనది మెట్టసీమ యని త్రోసివేయకుడు. ఈదగలవా యని యడుగుడు, గణితము నేర్పింపుడు, తోడెవరో విచారింపుడు. ఆపైని ఆశీర్వదింపుడు. కడలి దాటువారికి కావలసిన మొదటి యభయము ఇంటి గడపయందే లభింపవలెను.