హబీమా హీబ్రూ నాటక సమాజం: క్రతువు, నాయకత్వం, సమష్టి పాలన

ఉపోద్ఘాతం

మతక్రతువు నుంచి రంగస్థల కళ రూపొందిన సందర్భాలను నాటక చరిత్రకారులు సాధారణంగా ఇతివృత్తం, ఆహార్యం, సంగీతం, అభినయం అనే కోణాల నుంచి పరిశీలిస్తారు. ఆ కళను నడిపించే సంస్థ ఎవరి అధీనంలో ఉండాలి, దాని నిర్ణయాలు ఎవరు చేయాలి అన్న ప్రశ్నకు అంత ప్రాధాన్యం లభించలేదు. క్రతువుకు పురోహితుడు ఉంటాడు. అతని అధికారానికి పరంపర ఆధారం. ఆ క్రతువే రంగస్థలం మీదికి వచ్చినప్పుడు పురోహితుని స్థానం ఎవరిది? స్థాపకునిదా, దర్శకునిదా, నటులదా, ధనసహాయం చేసే పోషకులదా? 20వ శతాబ్ది యూదు నాటకరంగంలో ఈ ప్రశ్న అత్యంత తీవ్రంగా తలెత్తిన సంస్థ హబీమా. 1917లో మాస్కోలో రూపుదిద్దుకొని, 1931లో టెల్ అవీవ్‌లో స్థిరపడి, 1958లో ఇజ్రాయెల్ జాతీయ నాటకశాలగా గుర్తింపు పొందిన ఈ సమాజపు నాయకత్వ చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. హబీమాను కాపాడిన సమష్టి పాలనే కాలక్రమంలో దాని కళా నాయకత్వానికి అవరోధమైందన్నది ఇందులోని ప్రతిపాదన.

పేరు, ప్రార్థనా మందిరం

హీబ్రూలో ‘హబీమా’ అంటే వేదిక. యూదుల ప్రార్థనా మందిరంలో తోరాను చదివే ఎత్తైన పీఠానికి కూడా ‘బీమా’ అనే పేరు. నాటక సమాజం ఈ పదాన్ని తన పేరుగా స్వీకరించడంలో ఒక సాహసం ఉంది. యూదు ధర్మశాస్త్ర సంప్రదాయం నాటకశాలను చాలాకాలం అనుమానంతోనే చూసింది. పూరిమ్ పండుగనాడు ఎస్తేరు కథను ఆధారం చేసుకొని ఆడే వినోద ప్రదర్శనలను మాత్రం సమాజం ఆమోదించింది. ఏడాదికి ఒకసారి, పండుగ నీడలో లభించిన ఆ వెసులుబాటును నిత్యవృత్తిగా మార్చుకోవడం, అదీ శతాబ్దాలుగా ప్రధానంగా ప్రార్థనకు, శాస్త్రాధ్యయనానికి, రచనకు వినియోగమైన హీబ్రూలో చేయడం, రెండు విధాలుగా సంప్రదాయాన్ని దాటడమే. తూర్పు ఐరోపా యూదుల ఇంటి భాష యిద్దిష్. ప్రేక్షకులలో అధికసంఖ్యాకులకు పూర్తిగా అర్థం కాని భాషలో నాటకమాడాలన్న నిర్ణయం వ్యాపార దృష్టితో చేసినది కాదు. హబీమా తన స్వభావం రీత్యా మొదటి నుంచీ ఒక ఆశయ సంస్థ.

స్థాపకుడు: నహూమ్ త్సెమాఖ్

ఆ ఆశయానికి మొదటి వాహకుడు నహూమ్ త్సెమాఖ్ (1887–1939). హీబ్రూ ఉపాధ్యాయుడైన అతడు బియాలిస్తోక్‌లో ఒక ఔత్సాహిక బృందాన్ని కూడగట్టి, 1913లో వియన్నాలో జియోనిస్టు మహాసభ జరుగుతున్నప్పుడు నాటకం ప్రదర్శింపజేశాడు. ఆశించిన ఆదరణ లభించక బృందం నిలవలేదు. 1917లో మాస్కోలో మెనహెమ్ గ్నెసిన్, హన్నా రోవినాలతో కలిసి అతడు మళ్లీ ప్రయత్నించాడు. గ్నెసిన్ అంతకుముందే పాలస్తీనాలో ఔత్సాహిక నాటక ప్రదర్శనలు నడిపినవాడు. రోవినా శిశు విద్యాలయ ఉపాధ్యాయిని. స్థాపకులు వృత్తి నటులు కాకపోవడం గమనార్హం. భాషను బోధించినవారే ఆ భాషకు రంగస్థలాన్ని సమకూర్చడానికి పూనుకున్నారు.

త్సెమాఖ్ నాయకత్వానికి ఆధారం అతని నటనా ప్రతిభ కంటే అతని ఒప్పించే శక్తి. స్తానిస్లావ్‌స్కీని ఆశ్రయించి, బృందానికి శిక్షణ ఇప్పించేందుకు అతన్ని ఒప్పించగలిగాడు. విప్లవానంతర మాస్కోలో హీబ్రూ నాటక సమాజాన్ని నిలబెట్టడం అంతకంటే కష్టమైన పని. కమ్యూనిస్టు పార్టీలోని యూదు విభాగం హీబ్రూను మతాచార్యుల భాషగా, జియోనిస్టు బూర్జువా వర్గపు భాషగా పరిగణించి, ప్రభుత్వ సహాయాన్ని వ్యతిరేకించింది. ఒకవైపు మాస్కో ప్రధాన రబ్బీ యాకోవ్ మాజె, మరొకవైపు గోర్కీ, స్తానిస్లావ్‌స్కీ వంటి రష్యన్ కళాకారులు సమాజానికి అండగా నిలిచారు. పాత మతదృష్టికి నాటకం అపవిత్రం. కొత్త పార్టీ దృష్టికి హీబ్రూ మతావశేషం. ఈ రెండింటి మధ్య సంస్థకు చోటు సంపాదించినది త్సెమాఖ్ దౌత్యమే.

గురువు: వఖ్తాంగొవ్, ‘డిబ్బుక్’

స్తానిస్లావ్‌స్కీ పంపిన శిక్షకుడు యెవ్గెని వఖ్తాంగొవ్ ఆర్మీనియన్. అతనికి హీబ్రూ రాదు. 1918 అక్టోబరు 8న నాలుగు ఏకాంకికలతో హబీమా తొలి ప్రదర్శన జరిగింది. సమాజానికి ప్రపంచఖ్యాతి తెచ్చినది మాత్రం 1922 జనవరి 31న ప్రదర్శించిన ‘డిబ్బుక్’.

ఈ నాటక కర్త ఎస్. అన్-స్కీ జానపద పరిశోధకుడు. 1912–14 మధ్య వొలీనియా, పొడోలియా ప్రాంతాల యూదు గ్రామాలలో పర్యటించి కథలు, పాటలు, ఆచారాలు సేకరించాడు. ఆ యాత్రలో పాల్గొని ఫొనోగ్రాఫ్‌పై పాటలు సేకరించిన యొయెల్ ఏంగెల్ తరువాత హబీమా ప్రదర్శనకు సంగీతం సమకూర్చాడు. రంగాలంకరణ నాతన్ ఆల్త్‌మన్‌ది. హీబ్రూ అనువాదం మహాకవి బియాలిక్‌ది. అన్-స్కీ తన యిద్దిష్ ప్రతిని పోగొట్టుకొని, బియాలిక్ హీబ్రూ పాఠం ఆధారంగా దానిని తిరిగి రచించవలసి రావడం పాఠచరిత్రలో ఒక విశేషం. 1920లో మరణించిన అన్-స్కీ తన నాటకాన్ని ఏ భాషలోనూ రంగస్థలం మీద చూడలేదు.

పుట్టబోయే బిడ్డలకు పెళ్లి చేస్తామని ఇద్దరు స్నేహితులు మాట ఇచ్చుకుంటారు. ఒకడు చనిపోతాడు, రెండవవాడు సెందర్ ధనవంతుడై ఆ మాట మరచి, కూతురు లేయాకు వేరే సంబంధం కుదురుస్తాడు. ఆమెను ప్రేమించిన పేద విద్యార్థి ఖోనెన్ ఆ వార్త విని మరణించి, పెళ్లినాడు ఆమె శరీరంలో ప్రవేశిస్తాడు. రబ్బీ అజ్రియేల్ ఆ ఆత్మను వెళ్లగొట్టే ముందు, చనిపోయిన స్నేహితుడు సెందర్ మీద తెచ్చిన వ్యాజ్యాన్ని రబ్బీల న్యాయపీఠం విచారించవలసి వస్తుంది. తరువాత నల్ల కొవ్వొత్తులు, పొట్టేలు కొమ్ముబూరలు, వెలి ప్రకటన మొదలైన అంగాలతో క్రతువు సాగుతుంది. ఆత్మ శరీరాన్ని విడిచినా లేయా జీవించి ఉన్నవారి లోకంలో నిలవదు, ఖోనెన్‌ను చేరుకుంటుంది.

నాయకత్వ దృష్టితో చూస్తే ఇందులో రెండు అంశాలు ముఖ్యమైనవి. మొదటిది, అజ్రియేల్ తన శక్తిని తానే శంకిస్తాడు. పూర్వీకుల పరంపరను గుర్తుచేసిన తరువాతనే క్రతువుకు సిద్ధపడతాడు. అతని అధికారం వ్యక్తిగతం కాదు, వారసత్వంగా సంక్రమించినది. రెండవది, ఇచ్చిన మాటను తప్పినవాడిని మృతుడు సైతం న్యాయపీఠానికి ఈడ్చగలడు. వఖ్తాంగొవ్ ఈ క్రతువును భక్తితో పునఃప్రదర్శించలేదు. పెళ్లి విందుకు వచ్చిన భిక్షుకుల నృత్యాన్ని వికృత, వ్యంగ్య రూపంలో తీర్చిదిద్ది, పేద–ధనిక సంఘర్షణను ప్రదర్శనకు కేంద్రం చేశాడు. మతపు లోపలివారు కాని దర్శకుడు, ఆ మతంలో పెరిగిన నటుల దేహస్మృతిని కళగా మలిచాడు. అదే ఏడాది మే 29న వఖ్తాంగొవ్ మరణించాడు. ఆయన రూపొందించిన శైలి మాత్రం నటుల శరీరాలలో మిగిలిపోయింది. ఆ శైలిని పెంచగల వారసుడు వారిలో లేడు.

చీలిక: న్యూయార్క్, 1927

1926 జనవరిలో హబీమా సోవియట్ రష్యా విడిచి ఐరోపా పర్యటనకు బయలుదేరింది. మళ్లీ తిరిగి వెళ్లలేదు. ఆ ఏడాది డిసెంబరులో న్యూయార్క్ చేరింది. విమర్శకులు మెచ్చినా రాబడి చాలలేదు. ఆర్థిక ఇబ్బందుల నడుమ, ఎక్కడ స్థిరపడాలి, ఎవరి మాట చెల్లాలి అన్న రెండు వివాదాలు కలిసిపోయాయి. 1927లో సమాజం చీలింది. త్సెమాఖ్, అతని సోదరుడు, నృత్యకారుడు బెంజమిన్ త్సెమాఖ్, మరికొందరు అమెరికాలో ఉండిపోయారు. అధికసంఖ్యాకులు 1928లో పాలస్తీనా చేరారు.

ఈ చీలికను స్థాపకునికి జరిగిన ద్రోహంగానో, నిరంకుశత్వంపై నటుల విజయంగానో చిత్రించడం సులభం. రెండూ పాక్షిక సత్యాలే. త్సెమాఖ్ లేకపోతే సమాజమే పుట్టదు. కాని అతడు కూడగట్టిన నటులు దానిని అతని సొత్తుగా భావించలేదు. తామందరూ సమానంగా ఆకలిని, అవమానాన్ని భరించి నిలబెట్టిన సంస్థగానే చూశారు. కళాకారుల సంస్థలో స్థాపకుని హక్కు ఎంతవరకు అన్న ప్రశ్నకు వారిచ్చిన సమాధానం కఠినమైనది: స్థాపన ఒక సేవ, యాజమాన్యం కాదు.

సమష్టి పాలన: బలం

చీలిక తరువాత హబీమాకు ఏకవ్యక్తి నాయకత్వం లేదు. సభ్యులైన నటుల సర్వసభ్య సమావేశమే అత్యున్నతాధికారం. అది ఎన్నుకున్న కార్యవర్గం నిర్వహణను చూసేది. నాటకాల ఎంపిక, పాత్రల పంపిణీ కూడా సమష్టి చర్చకు లోబడినవే. లాభాన్ని పంచుకునే యజమానులు లేరు. లోటును భరించవలసినవారు సభ్యులే.

ఈ పద్ధతి విలువ సమకాలీనమైన మాస్కో యిద్దిష్ నాటకశాలతో పోల్చినప్పుడు స్పష్టమవుతుంది. రాజ్యపోషణలో, దర్శకుని ఆధిపత్యంలో నడిచిన ఆ సంస్థకు 1928 పర్యటనలో దర్శకుడు గ్రనోవ్‌స్కీ పశ్చిమ దేశాలలో ఉండిపోవడం పెద్ద దెబ్బ. అతని తరువాత నాయకత్వం వహించిన సొలొమొన్ మిఖోఎల్స్‌ను 1948లో స్టాలిన్ ఆజ్ఞపై హత్య చేశారు. 1949లో నాటకశాల మూతపడింది. స్వదేశం, స్థిరమైన నిధి, సొంత భవనం ఏవీ లేని హబీమా మాత్రం బతికింది. ఒక వ్యక్తి తొలగినా కూలిపోని నిర్మాణం దానికి ఉండటం అందుకు ఒక ప్రధాన కారణం.

ధనసేకరణలో మాత్రం బయటివారి సహాయం అనివార్యమైంది. బెర్లిన్‌లో ఏర్పడిన పోషక బృందంలో మార్గో క్లౌస్నర్ ముఖ్యురాలు. ఆమె తరువాత టెల్ అవీవ్‌లో పరిపాలనా బాధ్యతలు నిర్వహించింది. 1935లో శంకుస్థాపన జరిగిన భవనంలో ప్రదర్శనలు ప్రారంభం కావడానికి 1945 వరకు ఆగవలసి వచ్చింది.

సమష్టి పాలన: పరిమితి

సమానత్వం పాలనకు పనికివచ్చినంతగా దర్శకత్వానికి పనికిరాలేదు. హబీమా మైలురాళ్లను పరిశీలిస్తే వాటిలో అనేకం బయటి దర్శకులవే. పాలస్తీనాలో తొలి ప్రదర్శనలకు రష్యన్ దర్శకుడు అలెక్సెయ్ దీకీ వచ్చాడు. 1930లో బెర్లిన్‌లో మిహయిల్ చెహోవ్ షేక్‌స్పియర్ ‘ట్వెల్త్ నైట్’ను, మాస్కోను విడిచిన గ్రనోవ్‌స్కీ ‘ఉరియెల్ అకోస్తా’ను రూపొందించారు. 1936లో జర్మనీ నుంచి వచ్చిన లెయొపోల్డ్ యెస్నర్ ‘వెనిస్ వర్తకుడు’ను, 1947లో టైరోన్ గథ్రీ ‘ఈడిపస్’ను ప్రదర్శింపజేశారు. బృందం నుంచి కూడా దర్శకులు రాకపోలేదు. కాని తోటి సభ్యుల ఓటుపై ఆధారపడిన దర్శకుడు తోటి సభ్యునికి పాత్ర నిరాకరించడం కష్టం. అతిథికి ఆ చిక్కు లేదు. నాయకత్వాన్ని అతిథి రూపంలోనే సహించగలగడం ఈ వ్యవస్థ స్వభావమైంది.

రెండవ పరిమితి సభ్యత్వానికి సంబంధించినది. మాస్కో నాటి కష్టాలలో భాగస్వాములైనవారికి సభ్యత్వం దాదాపు పౌరోహిత్య హక్కు వంటిది. తరువాత వచ్చిన యువ నటులకు సమాన స్థానం సులభంగా దక్కలేదు. 1948 అమెరికా పర్యటనలో యాభై ఏళ్లు దాటిన రోవినా పెళ్లికూతురు లేయాగా నటించడంలో గొప్పతనం ఉంది. అందులోనే ఒక సంస్థ ఘనీభవనం కూడా కనిపిస్తుంది. 1944లో యోసెఫ్ మిల్లో నాయకత్వాన ఏర్పడిన కామెరి నాటకశాల కొత్త తరం నటులకు, వారి వాడుక హీబ్రూకు వేదికైంది. 1958లో హబీమాకు జాతీయ నాటకశాల అన్న హోదా లభించినా, అప్పులు, అంతర్గత వివాదాలు తగ్గలేదు. చివరకు 1960ల ముగింపులో నటుల సమష్టి వ్యవస్థ రద్దై, పాలన ధర్మకర్తల మండలి చేతిలోకి వెళ్లింది.

ముగింపు

హబీమా చరిత్రలో అధికారం స్థాపకుని నుంచి గురువుకు, గురువు నుంచి సమష్టికి, సమష్టి నుంచి ధర్మకర్తలకు మారింది. ప్రతి దశా మునుపటి దశ తీర్చలేని అవసరాన్ని తీర్చింది. త్సెమాఖ్ సంస్థకు పుట్టుకనిచ్చాడు, వఖ్తాంగొవ్ రూపమిచ్చాడు, సమష్టి దానిని రెండు దశాబ్దాల అస్థిరతలో, మూడు ఖండాల మీదుగా కాపాడింది. కాని కాపాడటం, కొనసాగించడం ఒకటి కావు. క్రతువులో పరంపర కొనసాగేది అధికారాన్ని మరొకరికి అప్పగించడం ద్వారా. అజ్రియేల్‌కు ధైర్యమిచ్చినది తన కంటే ముందువారు తనకు అప్పగించిన బాధ్యత. హబీమా నటులు క్రతువులోని ధ్వనిని, దుస్తులను, దేహభంగిమలను రంగస్థలానికి తెచ్చుకున్నారు. అప్పగింత అనే అంగాన్ని మాత్రం తెచ్చుకోలేదు. సంస్థలో అందరూ సమానులే, కాని ఆ ‘అందరూ’ ఎవరన్న లెక్క మాస్కోలోనే ముగిసిపోయింది.

అందువల్ల హబీమా వైఫల్యాన్ని సమష్టి పాలన వైఫల్యంగా కాక, వారసత్వ ప్రణాళిక లేని సమష్టి వైఫల్యంగా గుర్తించడం సమంజసం. ఆశయంతో పుట్టిన, లాభాపేక్ష లేని కళాసంస్థల నాయకత్వాన్ని అధ్యయనం చేసేవారు స్థాపకుల త్యాగాన్ని కొలిచినంత శ్రద్ధగా, తరువాతి తరానికి తలుపు తెరిచిన తేదీని కూడా వెదకవలసి ఉంటుంది.