షాంటియీ గుఱ్ఱపుసాల

ప్రభువు మేడ చూడబోయినవారు గుఱ్ఱపుసాల ముందు ఆగిపోయే ఊరొకటి ఉన్నది. అది పారిసుకు ఉత్తరాన 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న షాంటియీ. కొత్తగా పోయినవాడు ఆ సాలనే కోట అనుకుంటాడు. అందులో అతని తప్పేమీ లేదు.

సాల పొడవు 186 మీటర్లు. నడుమ 28 మీటర్ల ఎత్తున గుమ్మటం, దానికి ఇరుప్రక్కలా రాతి కప్పుతో రెండు పొడుగాటి సాలలు. గోడల వెంబడి గుఱ్ఱాలు, మధ్య సైసులు తిరిగే దారి. గుమ్మటం క్రింద గుఱ్ఱాల బొమ్మలతో ఒక నీటితొట్టి. 240 గుఱ్ఱాలు, 150 వేటకుక్కలు అక్కడ ఉండేవట. గోడలమీద చెక్కిన దుప్పితలలు ఊరక అలంకారానికి కావు. ప్రక్క అడవిలో దుప్పివేట ఆ వంశానికి ప్రాణం.

కట్టించినవాడు కోండే వంశంలో ఏడవవాడైన బుర్బోన్ ప్రభువు లూయీ ఆన్రీ; శిల్పి ఝాఁ ఓబేర్. 1719లో మొదలుపెట్టి 1735లో ముగించారు. మరుజన్మలో తాను గుఱ్ఱమై పుడతానని నమ్మి, హోదాకు తగిన ఇల్లు ముందే కట్టించుకున్నాడని కథ. పునర్జన్మ మనకు కొత్త కాదు గాని, ఇంత ముందుచూపు మన పురాణాలలో కూడా కానరాదు!

కథ మాట ఎట్లున్నా, డబ్బు మాట నిజం. 1719-20లో జాన్ లా నడిపిన ఇండియా కంపెనీ వాటాలు విపరీతంగా పెరిగినప్పుడు ఈయన అపారంగా గడించాడు. 1720లోనే అవి కూలి ఎందరో దివాలా తీశారు. 1723లో మన యానాంలో కోఠీ తెరచినది ఆ కంపెనీయే. సాల మొదలైననాటికి ఇక్కడ కోఠీయే లేదు కనుక యానాం సొమ్ము ఆ రాళ్లలో చేరిందనలేము. అయినా ఆ గుమ్మటానికీ మన గోదావరి ఒడ్డుకూ ఈపాటి చుట్టరికం ఉన్నది.

1782లో రష్యా యువరాజు పాల్‌కు గుమ్మటం క్రిందనే విందు పెట్టి, భోజనమయ్యాక తెరలు తొలగించి, తాను కూర్చున్నది గుఱ్ఱపుసాలలోనని చూపించారట. తొట్టిమీది శాసనంలో ప్రభువు పేరున్నది. లద్దె ఎత్తిన సైసుల పేర్లు లేవు.

1789 విప్లవం తరువాత ప్రభువుల పెద్ద మేడను రాళ్లకోసం పడగొట్టారు. ప్రక్కనున్న చిన్న కోట మిగిలింది. సైనికుల గుఱ్ఱాలకు పనికివచ్చింది గనుక సాల కూడా నిలిచింది. ఇప్పటి పెద్ద మేడ 1875-85 నడుమ ఓమాల్ ప్రభువు తిరిగి కట్టించినది. కాబట్టి వయస్సులో దానికంటె సాలే పెద్దది. 1982లో అక్కడ గుఱ్ఱాల ప్రదర్శనశాల పెట్టారు. రష్యా యువరాజు భోంచేసిన చోట ఇప్పుడు గుఱ్ఱాలు తాము నేర్చిన నడకలు చూపిస్తున్నాయి.