భారీ మొబైల్ క్రేన్

పెద్ద బరువులను ఎత్తి, పని ముగిశాక మరోచోటికి కదిలి వెళ్లగల యంత్రం. టైర్లపై రోడ్డు మీద నడిచేవి, గొలుసు పట్టాలపై పాకే క్రాలర్లు ఇందులో ముఖ్య రకాలు.

నిర్మాణం: చక్రాలు లేదా గొలుసు పట్టాలున్న వాహనం, దానిపై చుట్టూ తిరిగే పై భాగం, బరువును ఎత్తే పొడవాటి చేయి (బూమ్), వెనుక ప్రతిభారం, తాడును చుట్టే వించ్ ప్రధాన భాగాలు. టెలిస్కోపిక్ బూమ్‌లో భాగాలు ఒకదానిలోంచి మరొకటి హైడ్రాలిక్ సిలిండర్‌తో బయటికి జరుగుతాయి. లాటిస్ బూమ్‌ను తేలికైన ఉక్కు జాలకంతో కడతారు.

స్థిరత్వం: బరువును, తిరుగు కేంద్రం నుంచి దాని దూరంతో గుణిస్తే వచ్చేది భార భ్రామకం. 10 మీటర్ల దూరంలోని 20 టన్నులు 200 టన్ను-మీటర్లు. అందుకే క్రేన్ పేరులోని సామర్థ్యం అతి తక్కువ దూరానికే వర్తిస్తుంది. బూమ్ వంగి దూరం పెరిగేకొద్దీ ఎత్తగల బరువు తగ్గుతుంది. చక్రాల క్రేన్లకు పక్కలకు చాచే అవుట్‌రిగ్గర్లు ఆధారాన్ని వెడల్పు చేస్తాయి. నేల మెత్తనైతే వాటి కింద దిమ్మెలు పరుస్తారు. ఏ దూరంలో ఎంత బరువు ఎత్తవచ్చో చెప్పే లోడ్ చార్ట్, పరిమితి దాటితే హెచ్చరించే పరికరం తప్పనిసరి రక్షణలు. గాలి వేగాన్నీ లెక్కలోకి తీసుకుంటారు.

ఉదాహరణలు: లీబ్‌హెర్ సంస్థ తయారీ క్రేన్ ఎల్‌టీఎం 11200-9.1 సామర్థ్యం 1,200 టన్నులు, ఇరుసులు 9, టెలిస్కోపిక్ బూమ్ 100 మీటర్లు. క్రేన్ల వాడకానికి ఒక ఉదాహరణ: 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది. డ్యామ్ గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో, గేటు స్థానంలో నీటిని ఆపే స్టాప్‌లాగ్‌ను ముక్కలుగా, పారే నీటిలోకి క్రేన్లతో దించి, వారంలోపే ప్రవాహాన్ని ఆపారు.